వదిలేసిన పుస్తకాల చిట్టా: ఒక పదేళ్ల పాపతో ఐదు నెలలు

పిల్లలకి పుస్తకాలు వెతికిపెట్టడం నా పని. ముందు గ్రంథాలయంలో చేసేదాన్ని, ఇప్పుడు ఎక్కువగా వీడియో కాల్‌లోనే. ఈ కేసులో వరసగా మూడుసార్లు తప్పు చేశాను. ఆ మూడూ నాలాంటివాళ్లు రోజూ చేసేవే కాబట్టి రాసిపెడుతున్నాను. పాప ఎవరో తెలియకుండా ఉండడానికి వయసు, ఇంటి సంగతులు కొంచెం మార్చాను. జరిగిన క్రమం మాత్రం మార్చలేదు. వాళ్లమ్మ చదివి సరేనన్నాకే బయటపెడుతున్నాను.

నేపథ్యం

పాపకి పదేళ్లు. ఇంట్లో తెలుగు, బడిలో ఇంగ్లిషు. అమ్మానాన్నలిద్దరికీ చదివే అలవాటుంది. అంటే ఇంట్లో పుస్తకాలకి కరువు లేదు, చదవమనేవాళ్లకీ కరువు లేదు. ట్యాబ్‌లో ఒక ఫోల్డర్ నిండా పుస్తకాలు. లెక్కపెడితే 41.

"మేడమ్, మంచి పుస్తకాలన్నీ దింపి పెట్టాను. ఒక్కటీ ముట్టుకోదు. వీడియోలైతే గంటలు గంటలు చూస్తుంది" అన్నారు వాళ్లమ్మ. మొదటి రోజు ఆవిడ చెప్పిన సమస్య ఇదే.

ఆ 41 ఎక్కడివని అడిగాను. కొన్ని, పన్నెండేళ్లలోపు చదివి తీరాలని ఆన్‌లైన్‌లో తిరిగే జాబితాల్లోంచి తీసినవి. ఎక్కువ భాగం ప్రాజెక్ట్ గూటెన్‌బర్గ్ నుంచి ఉచితంగా దింపుకున్నవి. 1971లో మొదలైన ఆ సైటు గొప్పదే, నేనూ వాడతాను. కానీ అందులో ఉచితంగా దొరికేవి చాలావరకు అమెరికాలో కాపీరైట్ గడువు తీరిపోయినవి. అక్కడ పాత పుస్తకాలకి ఆ గడువు అచ్చయిన నాటినుంచి 95 ఏళ్లు. అంటే ఈ కాలపు పదేళ్ల పిల్ల ముందు ముత్తాతల కాలం నాటి ఇంగ్లిషు పెట్టామన్నమాట. పుస్తకం మంచిదే, ఉచితమే. పాపకి పనికొచ్చేదా కాదా అన్నది మాత్రం ఎవరూ అడగలేదు.

మొదటి రోజు నేనేమీ సలహా ఇవ్వలేదు. స్క్రీన్ షేర్ చేసి నీకు కావల్సింది వెతుక్కోమ్మా అని చెప్పి, ఇరవై నిమిషాలు నోరు మూసుకుని చూశాను. పాప వేలు పైకీ కిందికీ జరుగుతూనే ఉంది. ఒక అట్ట దగ్గర ఆగుతుంది, నొక్కుతుంది, లోగో పేజీ వస్తుంది, తర్వాత కాపీరైట్ పేజీ, తర్వాత ఎవరికో అంకితం. వెనక్కి. ఆ ఇరవై నిమిషాల్లో నాలుగు పుస్తకాలు తెరిచింది, ఒక్కదాంట్లోనూ కథ మొదలయ్యే పేజీ దాకా రాలేదు. అదే కాగితం పుస్తకమైతే పిల్లలు నడిమికి విప్పుతారు, బొమ్మ చూస్తారు. తెర మీద ఎప్పుడూ గుమ్మంలోంచే రావాలి. ఈ సంగతి రాసుకున్నాను గానీ, దీని విలువ నాకు చాలా వారాల తర్వాత గానీ అర్థం కాలేదు.

తర్వాత పైకి చదివించాను. తెలుగులో రెండు మూడు ఒత్తుల దగ్గర తప్ప తడబడలేదు. ఇప్పటి పిల్లల ఇంగ్లిషు పుస్తకం ఒక పేజీ బాగానే చదివింది. ఫోల్డర్‌లోని పాత నవల ఒకటి తీయించాను. ఒక వాక్యం ఐదు లైన్లుంది. చదవడం పూర్తయ్యాక, "ఎవరు వెళ్లారు?" అని అడిగాను.

"తెలీదు ఆంటీ. వాక్యం మొదట్లో ఉన్నాడు."

నేను చేసిన మూడు తప్పులు

మొదటిది, నా సొంత జాబితా. పాత పుస్తకాలు బరువయ్యాయి కాబట్టి కొత్తవి, తేలికవి ఇవ్వాలనుకున్నాను. పన్నెండు పుస్తకాలు ఏరి లింకులు పంపాను. ఎస్.ఆర్. రంగనాథన్ 1931లో చెప్పిన గ్రంథాలయ సూత్రాలు మా వృత్తిలో అందరికీ కంఠస్థం. ప్రతి పాఠకుడికీ అతని పుస్తకం అనేది రెండోది, పాఠకుడి సమయం ఆదా చెయ్యి అనేది నాలుగోది. నేను నాలుగోదాన్ని పట్టుకున్నాను. పాప వెతుకులాటలో టైము వృథా చేసుకుంటోంది కదా, ఆ పని నేనే చేసిపెడితే పోలా అనుకున్నాను. రెండు వారాల్లో రెండు పుస్తకాలు చదివింది. ఎలా ఉన్నాయంటే "బాగున్నాయి ఆంటీ" అంది. ఇంకేమైనా చెప్పమంటే మళ్లీ "బాగున్నాయి" అనే అంది. అది మర్యాద. పెద్దవాళ్లు ఇచ్చిన స్వీటు తినేసినట్టు చదివింది. ఆ జవాబుతో నా తర్వాతి నిర్ణయానికి పనికొచ్చే ముక్క ఒక్కటీ దొరకలేదు.

రెండోది, లెవెల్. చదవడం కష్టమవుతోందేమో, ఒక మెట్టు దిగుదాం అనుకున్నాను. ప్రథమ్ బుక్స్‌వాళ్లు 2015లో మొదలుపెట్టిన స్టోరీవీవర్ అనే పిల్లల పుస్తకాల సైటులో పుస్తకాలు నాలుగు లెవెల్స్‌గా ఉంటాయి. రెండో లెవెల్ అంటే సుమారు 600 పదాల లోపు, మూడోది 1500 దాకా, నాలుగోది ఆపైన. తెలుగులోనూ దొరుకుతాయి, దింపుకోవచ్చు, అచ్చు వేసుకోవచ్చు. రెండో లెవెల్‌వి ఆరు పంపాను. మూడు రోజుల తర్వాత కాల్‌లో పాప ముఖం ముడుచుకుని ఉంది. ఒక పుస్తకం చివరి పేజీ తెరిచి కెమెరాకి చూపించింది. తెలిసిన పదాలు గుర్తుపట్టి, కొత్త పదాలు ఎవరి సాయంతోనో చదవగలిగే పిల్లల కోసం అని అక్కడ రాసి ఉంది.

"నాకు సాయం అక్కర్లేదు" అంది.

తప్పు ఆ సైటుది కాదు. ఆ గుర్తు పెద్దవాళ్ల సౌకర్యం కోసం పెట్టింది. దాన్ని పాప కంట పడేలా పంపింది నేను. లెవెల్ అనేది వెతికేవాళ్ల చేతిలో ఉండాల్సిన పనిముట్టు, చదివేవాళ్ల మెడలో వేసే బిళ్ల కాదు. ఇంకో పొరపాటు కూడా ఉంది. పైకి చదివించినప్పుడు ఇబ్బంది పాత వాక్యాల దగ్గరే వచ్చిందని నేనే చూశాను. అయినా 'చదవలేకపోతోంది' అనే తేలిక నిర్ధారణకి వెళ్లిపోయాను. కళ్లెదుట ఉన్న ఆధారం కన్నా అలవాటైన మందు మీదే నమ్మకం ఎక్కువ.

మూడోది చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది, త్వరగా ముగిస్తాను. చదివిన ప్రతి పుస్తకానికీ ఒక నక్షత్రం చొప్పున ఆన్‌లైన్ చార్టు పెట్టాను. మొదటి వారం తొమ్మిది నక్షత్రాలు! వాళ్లమ్మ సంతోషంగా ఫోన్ చేశారు. చూస్తే తొమ్మిదీ పేజీకి ఒక వాక్యం ఉండే బొమ్మల పుస్తకాలు. ఒక కథ చెప్పమంటే చెప్పలేకపోయింది. లెక్కకి జీతమిచ్చాను కాబట్టి లెక్కే వచ్చింది. చార్టు తీసేశాను.

మలుపు

ఇక్కడికి ఆరు వారాలు గడిచాయి. నీకు ఎలాంటి పుస్తకాలు ఇష్టం అని అడగడం మానేశాను. చదవని పిల్లలకి ఆ ప్రశ్నకి జవాబుండదు. ఉన్నా మనకి నచ్చే జవాబే చెప్తారు. బదులుగా, "ఈ మధ్య నీ అంతట నువ్వు ఏం వెతికావు? ఎవరికైనా చెప్పకుండా ఉండలేకపోయింది ఏంటి?" అని అడిగాను.

దానికి జవాబు వెంటనే వచ్చింది. ఒక వీడియో. ఖాళీ చీమల పుట్టలోకి కరిగించిన అల్యూమినియం పోస్తారు. చల్లారాక చుట్టూ మట్టి తవ్వి బయటికి తీస్తే, పుట్ట లోపలి దారులూ గదులూ వెండి చెట్టులా నిలబడతాయి. దాన్ని పాప చాలాసార్లు చూసింది. "పైన గదులు దగ్గర దగ్గరగా ఉన్నాయి ఆంటీ, కిందకెళ్లేకొద్దీ దూరం దూరం. ఎందుకని వాళ్లు చెప్పలేదు."

వీడియో చెప్పకుండా వదిలేసిన ప్రశ్న. పుస్తకం అవసరం ఇక్కడ మొదలవుతుంది. సరే, చీమలు అని రాసుకున్నాను. (ఈ మాట గుర్తుంచుకోండి. సగమే విన్నాను.)

ఇద్దరం కలిసి వెతికాం. టైపు చేసింది పాపే. 'చీమ' అని కొడితే వరసగా కథలు. కష్టపడే చీమ, బద్ధకపు మిడత, సాయం చేసిన చీమ. నాలుగో పుస్తకం చివరి పేజీకి వచ్చేసరికి పాప ఓపిక అయిపోయింది.

"నీతి వద్దు ఆంటీ. చీమ కావాలి."

ఐదు నెలల్లో నాకు దొరికిన అత్యుత్తమమైన వెతుకుడు మాట అదే. పేరు కొడితే కథల కుప్ప వస్తుంది, ఎందుకంటే పిల్లల పుస్తకాల్లో జంతువులు చాలావరకు వేషం వేసుకున్న మనుషులు. అప్పుడు 'చీమ' తీసేసి 'కీటకాలు' పెట్టాం. కథలు కానివి, సైన్సు, ప్రకృతి అనే వర్గాల్లోకి వెళ్లి అక్కడినుంచి వడపోశాం. ఇంగ్లిషులో చీమ బదులు పుట్ట అనే మాట పెట్టి కొట్టాం. ఫలితాలు పూర్తిగా మారిపోయాయి. పాపకి అది ఇంద్రజాలంలా తోచింది. ఒక మాట మారిస్తే వేరే అలమర తెరుచుకుంటుందని అంతకుముందు ఆమెకి ఎవరూ చెప్పలేదు. నేనూ చెప్పలేదు. పన్నెండు లింకులు పంపి ఆదా చేశాననుకున్న టైములో పాప నేర్చుకోవాల్సింది ఇదే.

ఆన్‌లైన్‌లో పుస్తకాలు అరువిచ్చే ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో కీటకాల మీద స్కాన్ చేసిన పుస్తకం ఒకటి దొరికింది. వాళ్లమ్మ ఖాతాతో గంటసేపు అరువు. పెద్ద పిల్లల కోసం రాసింది. పేజీకి ఐదు కొత్త పదాలు తగిలితే పుస్తకం కష్టమని చెప్పే ఐదు వేళ్ల లెక్క ఒకటుంది. ఆ లెక్కన రెండు చేతులూ చాలవు. ఇవ్వాలా వద్దా అని ఆలోచించాను. ఇవ్వడానికి ధైర్యమిచ్చింది ఒక పాత అధ్యయనం. 1988లో రెక్ట్, లెస్లీ అనే పరిశోధకులు ఏడు, ఎనిమిది తరగతుల పిల్లలు 64 మందితో బేస్‌బాల్ ఆట గురించిన పేరా చదివించారు. ఆట బాగా తెలిసిన, 'చదవడంలో వెనకబడిన' పిల్లలు, ఆట తెలియని 'బాగా చదివే' పిల్లల కన్నా ఎక్కువ గుర్తుపెట్టుకున్నారు. పాపకి పుట్ట లోపలి సంగతులు అప్పటికే తెలుసు. ఆ తెలిసినదే కొత్త పదాలకి ఆసరా అవుతుందనుకున్నాను.

అయింది. ముందు బొమ్మల కింద రాసినవి చదివింది. తర్వాత, ఆకులు కోసుకెళ్లే చీమలు ఆ ఆకుల్ని తినవని, వాటి మీద బూజు పెంచుకుని దాన్ని తింటాయని ఒక పేరా మొత్తం చదివి నాకు చెప్పింది. గంట అయిపోయి పుస్తకం మూసుకుపోతే పాపే మళ్లీ తీయించమని వాళ్లమ్మ వెంటపడింది.

చిట్టా

ఇదంతా ఒక్క పుస్తకం. ఒకటి దొరికితే పని అయిపోదు. తర్వాతిది ఎలా దొరుకుతుందన్నదే అసలు సమస్య. ఇక్కడ నేను తీసుకున్న నిర్ణయం వాళ్లమ్మకి మొదట నచ్చలేదు. చదివినవాటి లెక్క వద్దు, వదిలేసినవాటి లెక్క రాద్దాం అన్నాను. ఒక నోటుపుస్తకం. ఏ పుస్తకాన్నయినా మూడు పేజీలు చూసి వదిలెయ్యొచ్చు. వాటిలో ఒకటి మాత్రం నడిమి పేజీ అయి తీరాలి, కింద ఉండే గీతని వేలితో జరిపి అక్కడికి వెళ్లాలి. వదిలేశాక ఎందుకో ఒక్క ముక్క రాయాలి. అంతే.

"వదిలేయడం నేర్పిస్తే ఎలా మేడమ్?" అన్నారు ఆవిడ. ఇప్పటికే 41 వదిలేసింది కదండీ, కారణం మాత్రమే రాయమంటున్నాను అన్నాను.

చిట్టాలోంచి కొన్ని వరసలు, పాప రాసినట్టే:

ఆకుపచ్చ అట్ట, కన్నం ఉంటుంది. ముందుమాట చాలా పొడుగు.
చీమ టోపీ పెట్టుకుంది. వద్దు.
ఫొటోలు బాగున్నాయి. లోపల చూపించలేదు.
అబ్బాయి ఏడుస్తూనే ఉంటాడు.
పసుపు అట్ట. అన్నీ బయటినుంచే.

పుస్తకం పేరు ఎక్కడా రాయలేదు, గుర్తు పెట్టిన చోట అట్ట రంగే. పిల్లలు అలాగే గుర్తుపెట్టుకుంటారు. 2002లో మేరీలాండ్ విశ్వవిద్యాలయంవాళ్లు పిల్లల్నే పక్కన కూర్చోబెట్టుకుని తయారుచేసిన అంతర్జాతీయ బాలల డిజిటల్ లైబ్రరీలో అట్ట రంగుని బట్టి వెతికే వీలు ఉండేది. పెద్దవాళ్లకి అది ఆటలా కనిపిస్తుంది గానీ, రచయిత పేరు తెలియని మనిషికి రంగే చిరునామా. నేను పక్కన పేర్లు రాసుకున్నాను, ఆమె వరసల్ని మాత్రం దిద్దలేదు.

ఆ ఆధారంతో రివ్యూలు చదివే పద్ధతి మార్చుకున్నాను. పాఠకుల రివ్యూలు ఉండే చోట్లకి పాపని పంపలేదు, నేనూ వాళ్లమ్మా చూసేవాళ్లం. ఐదు నక్షత్రాలవి వదిలేసి రెండు నక్షత్రాలవి చదివాం. అద్భుతం అన్న మాటతో ఏమీ తెలియదు. 'కథ తక్కువ, వివరాలు ఎక్కువ, మా పిల్లాడు విసుక్కున్నాడు' అని ఒకరు తిడితే, అది మా పాపకి సిఫార్సు లేఖ. ఇలా తిట్లలోంచి ఏరిన ఐదు పుస్తకాల్లో మూడు పాప పూర్తిగా చదివింది.

తెర సంగతి కూడా ఒక మాట. చదువుతుంటే పైనుంచి నోటిఫికేషన్ జారిపడుతుంది, ఇక అంతే. వీలైనవన్నీ పీడీఎఫ్‌గా దింపి, నెట్ ఆపేసి ఇచ్చాం. స్టోరీవీవర్ పుస్తకాలు రెండు అచ్చు తీసి కుట్టాం, చివరి పేజీ లేకుండా. ఆ పని పాపే అడిగి చేయించింది.

మళ్లీ ఆగిపోవడం

మూడో నెల చివర్లో చదవడం ఆగిపోయింది. పది రోజులు ఏమీ ముట్టుకోలేదు. వాళ్లమ్మకి టెన్షన్, నిజం చెప్పాలంటే నాకూ. ఆవిడ చీమల పుస్తకాలు ఇంకో ఎనిమిది వెతికి పెట్టారు. సైట్లు చేసేదీ అదే కదా. చీమలు చదివావా, అయితే ఇవిగో ఇంకో ఇరవై చీమలు. పాత జాబితాలో దాచిన లింకులు కొన్ని కూడా పనిచేయలేదు. ప్రచురణకర్తలు వేసిన కేసులో ఇంటర్నెట్ ఆర్కైవ్ ఓడిపోయాక లక్షల పుస్తకాలు అరువు నుంచి తీసేయాల్సి వచ్చింది. మనం ఇవాళ చూపించిన పుస్తకం రేపు ఉంటుందని నమ్మకం లేదు. అందుకే లింకులు దాచుకోవడం కన్నా వెతుకుడు మాటలు దాచుకోవడం మేలని అప్పటినుంచి అందరికీ చెప్తున్నాను.

కొత్త పుస్తకాలు వెతకబోయే ముందు చిట్టా మొత్తం ఒకసారి వరసగా చదివాను. 19 వరసలు. 'లోపల చూపించలేదు', 'అన్నీ బయటినుంచే', 'గది బొమ్మ లేదు'. ఒకే ఫిర్యాదు ఐదుసార్లు. టోపీ పెట్టుకున్న చీమని పక్కన పెడితే, చీమ గురించి ఒక్క ఫిర్యాదూ లేదు, మెచ్చుకోలూ లేదు. అప్పుడు మొదటి సంభాషణ గుర్తొచ్చింది. పాప నాకు చెప్పింది గదుల గురించి. నేను విన్నది చీమల గురించి. ఈ పిల్లకి కావల్సింది, మూసి ఉన్నదాన్ని నిలువునా కోసి లోపల చూపించే పుస్తకం. చీమల పుట్ట అందులో ఒకటి, అంతే.

ఆ రోజు కాల్‌లో ఊహ చెప్పలేదు, పరీక్ష పెట్టాను. జలాంతర్గామి అడ్డుకోత బొమ్మ ఉన్న పేజీ ఒకటి, చీమల రంగుల ఫొటో ఒకటి పక్కపక్కన పెట్టి ఏది తెరవమంటావని అడిగాను. నా మాట పూర్తికాకముందే "జలాంతర్గామి" అంది. ఆ తర్వాత మాకు వెతుకుడు మాటలు మారాయి. లోపల, అడుగున, అడ్డుకోత, సొరంగం, గుహ. గుహల నుంచి, భూమి అడుగున దాక్కున్న మనుషుల కథ ఒకటి తగిలింది. 140 పేజీలు, కల్పన. కథల్నే తిరగ్గొట్టిన పిల్ల దాన్ని పదకొండు రోజుల్లో చదివింది. ప్రతి అధ్యాయం మొదట్లో సొరంగం పటం ఉంది. అదే లాక్కెళ్లింది.

నా పనిలో మారినవి

ఇష్టాల ఫారం ఇప్పుడు నా దగ్గర లేదు. కొత్త పిల్లలెవరు వచ్చినా మొదటి రెండు వారాలు వదిలేయించడమే. ఇష్టానికి పిల్లలకి మాటలు తక్కువ, అయిష్టానికి బోలెడు. పది వరసలు పోగయ్యేదాకా నేను సిఫార్సు చేయను. వాళ్లు ఒక విషయం పేరు చెప్పినప్పుడు వెంటనే రాసుకోను, అందులో ఏ పేజీ దగ్గర ఆగారో అడుగుతాను. లెవెల్ చూస్తాను, చూసి నా దగ్గరే ఉంచుకుంటాను.

ఈ పద్ధతి అందరికీ కుదరదు. అక్షరాల దగ్గరే నిజంగా ఇబ్బంది పడే పిల్లలకి ముందు చదవడం నేర్పేవాళ్ల సాయం కావాలి. వాళ్ల చేత పుస్తకాలు వదిలేయిస్తే మనసు విరుగుతుంది. ఈ పాపకి ఆ ఇబ్బంది లేదని మొదటి రోజు పైకి చదివించి చూసుకున్నాను కాబట్టే ఇది చేయగలిగాను.

తీరనిది కూడా ఒకటుంది. లోపల చూపించే పుస్తకాల కోసం వెతికితే మాకు తెలుగులో దొరికినవి చిన్నపిల్లల బొమ్మల పుస్తకాలే. పాప చదువు దాదాపు ఇంగ్లిషులోకి మళ్లింది. వాళ్ల నాన్న ఒక ఉపాయం చేశారు. రాత్రిపూట ఆ ఇంగ్లిషు పేజీలు పాప తెలుగులో చెప్తే ఆయన రాస్తున్నారు. పోయిన వారం ఆయన పంపిన ఫొటోలో చీమల పుట్ట బొమ్మ పక్కన పాప దస్తూరీలో 'వంటగది కాదు, బూజు తోట' అని ఉంది. 'బూజు' కొట్టేసి పైన 'శిలీంధ్రం' అని రాసి, దాన్నీ కొట్టేసి మళ్లీ 'బూజు' అని రాసింది.